కాళ్ల కింద నది లేదు, నెర్రెలున్నాయి

తోటి టీచర్లందరికీ నమస్కారం.

మీ తరగతిలో ఒక పని చేసి చూడండి. పాఠం మొదలుపెట్టకముందే పిల్లలకు తెల్ల కాగితాలు ఇచ్చి, "బోరు వేస్తే నీళ్లు వస్తాయి కదా, ఆ నీళ్లు కింద ఎలా ఉంటాయో బొమ్మ గీయండి" అని అడగండి. నేను చాలా ఏళ్లుగా అడుగుతున్నాను. ఎక్కువమంది గీసేది ఒకటే బొమ్మ. పైన ఇల్లు, చెట్టు, నేల. కింద ఒక నది. నీలం క్రేయాన్‌తో అలలు వేస్తారు, కొందరు చేపలు కూడా వేస్తారు. బోరు పైపు నేరుగా ఆ నదిలోకి దిగి ఉంటుంది.

ఆ నది పెద్దవాళ్ల మాటల్లోంచి వచ్చింది. "ఈ మూల నుంచి జల పోతోంది" అని ఇంట్లో వింటారు. పాతాళగంగ అన్న మాట వింటారు. విన్నదాన్నే గీస్తారు. కానీ ఆ బొమ్మతోనే పెద్దయితే దాని వెంట ఒక లెక్క కూడా తలకెక్కుతుంది. కింద నది ఉంది కాబట్టి నీళ్లు పడలేదంటే ఇంకా లోతుకు పోవాలి. 300 అడుగుల్లో లేకపోతే 600, అక్కడా లేకపోతే 1000. మా అనంతపురం పల్లెల్లో ఆ లెక్క ఎన్ని ఇళ్లను అప్పుల్లోకి దించిందో నేను చూశాను. ఒకే చేనులో మూడు బోర్లు వేసి మూడూ ఎండిపోయిన ఇంటి పిల్లలు నా తరగతిలో కూర్చుంటారు. అందుకే ఈ పాఠం దగ్గర నేను తొందరపడను. రెండు పీరియడ్ల పాఠానికి రెండు వారాలు తీసుకుంటాను.

గ్లాసుతో మొదలుపెడతాను. 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండా సన్న కంకర పోసి, "నిండిందా?" అని అడిగితే అందరూ నిండిందంటారు. అప్పుడు కొలిచి నీళ్లు పోయాలి. దాదాపు 80 మిల్లీలీటర్లు పడతాయి. తరవాత ఇసుక. రేణువులు సన్నం కాబట్టి నీళ్లు చాలా తక్కువ పడతాయని పిల్లలు పందెం కడతారు. కానీ పట్టేవి కంకరకు దగ్గరదగ్గరగానే ఉంటాయి. అప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. మూడోది బంకమట్టి. మూడు గ్లాసులకూ అడుగున చిల్లు పెట్టి కింద గిన్నెలు ఉంచండి. కంకర తొందరగా వదిలేస్తుంది, ఇసుక నెమ్మదిగా వదులుతుంది, బంకమట్టి తాగిన నీటిని పట్టుకుని కూర్చుంటుంది. నేలలో నీళ్లుండడం వేరు, ఆ నీళ్లను నేల మనకివ్వడం వేరు. ఈ తేడా పిల్లలు తమ నోటితో చెప్పేదాకా నేను తరవాతి బొమ్మకు పోను.

తరవాతిది ఇసుక పెట్టె. పాత చేపల తొట్టి గానీ, పారదర్శకంగా ఉండే ఏ ప్లాస్టిక్ డబ్బా గానీ సరిపోతుంది. ఇసుక నింపి, పెన్ను గొట్టాల కింది కొసకు పాత నైలాన్ గుడ్డ కట్టి రెండు చోట్ల నిలబెడితే అవే బావులు. ఒక మూల నుంచి నీళ్లు పోస్తే ఇసుకలో తడి గీత పైకి వస్తుంది, గొట్టాల్లోనూ నీరు దాదాపు అదే ఎత్తుకు చేరుతుంది. సూది లేని సిరంజితో ఒక బావిలో నీళ్లు లాగితే దాని చుట్టూ నీటిమట్టం గరాటులా కుంగుతుంది. ఇంకా లాగితే పక్క బావిలోనూ దిగుతుంది. "వాళ్లు మోటారు వేస్తే మా బావిలో నీళ్లు తగ్గుతాయి" అని ఊళ్లో జరిగే పోట్లాట మొత్తం ఆ డబ్బాలో కనిపిస్తుంది.

ఈ సందర్భంలో పిల్లలకు ఒక మనిషి గురించి చెబుతాను. ఫ్రాన్స్‌లోని డీజాన్ నగరానికి మంచినీళ్లు తెచ్చిన ఇంజనీరు హెన్రీ డార్సీ. నిలువు ఇనప గొట్టంలో ఇసుక నింపి, నీళ్లు పంపి, ఎంత ఒత్తిడికి ఎంత నీరు పారుతుందో కొలిచి 1856లో ప్రచురించాడు. ఇప్పటికీ భూగర్భ జలాల లెక్కలకు ఆయన సూత్రమే పునాది. ఇసుకలోంచి నీళ్లు పంపి మీరు చూస్తున్నదీ అదే పని అని చెబితే ఎనిమిదో తరగతి పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

ఇంతవరకూ చాలా బడుల్లో చేస్తున్నారు. నా అభ్యంతరం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఇసుక పెట్టె కృష్ణా, గోదావరి డెల్టాలకు బాగా సరిపోతుంది. పెన్న ఇసుకలో చెలమ తవ్వుకున్న ఊరికీ సరిపోతుంది. కానీ అనంతపురంలో, మహబూబ్‌నగర్‌లో, నల్గొండలో ఎక్కువ చోట్ల మన కింద ఉన్నది గ్రానైటు, దాని లాంటి గట్టి రాయి. పైన కొన్ని మీటర్ల మట్టి, గరుసు, మెత్తబడిన రాయి. దాని కింద బండ. బండలో నీళ్లుండేది పగుళ్లలోనే. ఆ పిల్లలకు ఇసుక పెట్టె ఒక్కటే చూపించి వదిలేస్తే, నది బొమ్మ చెరిపి దాని చోట ఇసుక బొమ్మ పెట్టినట్టవుతుంది. రెండూ వాళ్ల ఊరి బొమ్మలు కావు. నేనూ మొదటి కొన్నేళ్లు అలాగే చెప్పాను. ఒక అమ్మాయి లేచి, "సార్, ఇసుకలో ఎక్కడ గొట్టం పెట్టినా నీళ్లొస్తున్నాయి. మరి మా బోరులో ఎందుకు రాలేదు?" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర ఉన్న బొమ్మలో జవాబు లేదు.

ఆ ప్రశ్న కోసమే నెర్రెల పెట్టె తయారుచేశాం. గ్రానైట్ షాపు బయట పారేసిన ముక్కలు అడిగితే ఊరికే ఇస్తారు. వాటిని డబ్బాలో పక్కపక్కన నిలబెట్టాలి. కొన్నింటి మధ్య సందు లేకుండా మైనం కరిగించి పోయాలి. రెండు మూడు చోట్ల మాత్రం ఖాళీ రీఫిల్ దూరేంత సందు వదలాలి. అంచుల్లో కూడా మైనమే. పైన రెండు వేళ్ల మందాన ఇసుక పరిచి నీళ్లు పోయండి. ఒక లీటరు ఇసుక పెట్టెలో 350 మిల్లీలీటర్లు పట్టిన చోట, బండల భాగంలో చాలా కొద్దిగానే పడతాయి. ఇప్పుడు డబ్బా పక్కలకు గుడ్డ చుట్టి, పైనుంచి సైకిల్ చువ్వతో బోరు వేయమనండి. ఎక్కువసార్లు టక్కుమని రాయి తగులుతుంది. ఎప్పుడో ఒకసారి చువ్వ జారి కిందికి దిగుతుంది. నీళ్లు పడిన బోరుకు అర అంగుళం పక్కన వేసిన బోరు ఎండుబోరు. అందరూ వేసి అయ్యాక గుడ్డ తీయండి. ఆ తరగతి నిశ్శబ్దంగా ఉంటుంది. వాళ్లు చూస్తున్నది వాళ్ల నాన్నల చేను.

తరవాత సందులోకి రీఫిల్ దింపి సిరంజితో లాగించండి. ఇసుక పెట్టెలో ఎన్నోసార్లు లాగినా నీళ్లొచ్చాయి. ఇక్కడ రెండు మూడు లాగుళ్లకే గాలి వస్తుంది. ఇంకా లోతుకు పోతే అన్న ప్రశ్న ఇక్కడ తప్పకుండా వస్తుంది. లోతుకు పోయేకొద్దీ మామూలుగా పగుళ్లు తగ్గుతాయి, ఉన్నవి పైబరువుకు బిగుసుకుంటాయి. అందుకే కింది సందులు సన్నంగా ఉండేలా ముక్కలను కొంచెం వాలుగా పేరిస్తే మంచిది.

ఇక లెక్కలు. అనంతపురంలో ఏడాది వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. గట్టి రాతి నేలల్లో అందులో కిందికి ఇంకేది పదో వంతు అటూఇటూ. 55 మిల్లీమీటర్లు అనుకుందాం. ఎకరానికి సుమారు 2 లక్షల 20 వేల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 44. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఆ నీరంతా బోరు నుంచే ఇవ్వాలంటే ఒక ఎకరం వరికి దాదాపు 22 ఎకరాల్లో ఇంకిన వాన పోతుంది. మడి నుంచి కొంత నీరు తిరిగి ఇంకుతుంది, అదీ పిల్లలకు చెప్పాలి. అయినా 22 అన్న అంకె ఇంటికి వెళ్తుంది, రాత్రి భోజనాల దగ్గర చర్చకు వస్తుంది.

ఇంకో లెక్క నాకు మరీ ఇష్టం. మెత్తబడిన రాయి తనలోంచి వదిలే నీరు దాని పరిమాణంలో 2 శాతం అనుకోండి. 55 మిల్లీమీటర్లు ఇంకితే నీటిమట్టం 2.75 మీటర్లు లేస్తుంది. ఒక్క మంచి వానాకాలానికి బావులు పైకి రావడం చూసి ఊరంతా నీళ్లు బోలెడు వచ్చాయనుకుంటుంది. అదే కారణంతో, అదే వేగంతో అవి దిగిపోతాయి కూడా. బావిలో ఎత్తు పెరిగినంత మాత్రాన రాశి పెరిగినట్టు కాదని నెర్రెల పెట్టెలో అరకప్పు నీళ్లు పోస్తే తెలుస్తుంది.

కలుషితం సంగతికి సిరా చుక్క చాలు. ఇసుక పెట్టె మీద ఒక మూల వేసి, దూరంగా ఉన్న బావిలో లాగితే కాసేపటికి రంగు వస్తుంది. తరవాత ఎన్ని మంచినీళ్లు పోసినా ఆ రంగు తొందరగా వదలదు. అయితే నల్గొండ వైపు నుంచి వచ్చిన టీచర్లు దీని దగ్గర ఆగవద్దు. అక్కడి ఫ్లోరైడ్ ఎవరో పైనుంచి పోసింది కాదు, రాతిలోని ఖనిజాల నుంచే నీటిలోకి వస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రాతి సందుల్లో ముందుగా కళ్లుప్పు పెట్టి, నీళ్లు పోసి, బయటికి తీసిన నీటిని ఎండబెట్టి చూపించండి. తేటగా కనిపించిన నీటిలోంచి తెల్లటి పొర మిగులుతుంది. రుచి మాత్రం చూడనివ్వకండి.

బొమ్మల దగ్గర ఆగకుండా పిల్లలను బావి దగ్గరికి తీసుకెళ్లాలి. 2000 తరవాతి దశాబ్దంలో మన ఏడు కరువు జిల్లాల్లో రైతులే వానను, బావుల్లో నీటిమట్టాన్ని కొలిచి, రబీకి ముందు ఏ పంటకు ఎంత నీరుందో లెక్క వేసుకున్న ప్రాజెక్టు ఒకటి నడిచింది. బడి చదువు ఎక్కువ లేని రైతులు చేసిన పనిని మన పిల్లలు చేయలేరా? నెలకోసారి, ఒకే తేదీన, ఒకే బావి. తాడుకు రాయి కట్టి దించి, పొడి భాగం కొలిస్తే చాలు. గట్టు లేని బావి దగ్గరికి పిల్లలను పోనివ్వవద్దు, తాడు టీచరు చేతిలోనే ఉండాలి. దారిలో మూత లేని పాత బోరు కనిపిస్తే ఆ రోజు కొలత మానేసి ముందు దాన్ని మూయించండి.

భోజనాల తరవాత మీ బల్లల మీద నాలుగు నెర్రెల పెట్టెలు ఉంటాయి. చువ్వలు, రీఫిళ్లు, సిరంజిలు పక్కనే పెట్టాం. సందులు ఎక్కడున్నాయో పెట్టె కట్టినవాళ్లకే తెలుసు. ఒక్కొక్కరూ అయిదేసి బోర్లు వేసి, ఎన్నింటిలో నీళ్లు పడ్డాయో రాసుకోండి. అందరి లెక్కా బోర్డు మీద పడేదాకా గుడ్డ తీయకండి.