ఉబ్బిన బ్యాటరీ, తీరిన వారంటీ

అందరికీ నమస్కారం. నేను లాయర్ని కాదు, ఒడిశాలోని రాయగడ బజారులో ఫోన్లు బాగుచేసేవాణ్ని. డిసెంబర్ 24 వినియోగదారుల దినం కదా, నాలుగు మాటలు చెప్పమన్నారు.

మొన్న ఒక పెద్దాయన కొట్టుకొచ్చారు. "బాబూ, వెనక మూత దానంతటదే లేచిపోతోంది" అన్నారు. ఊడిపోకుండా రబ్బరు బ్యాండు బిగించారు. విప్పి చూస్తే లోపల బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. వేడికో, పాతబడో, తయారీలో లోపం వల్లో లోపలి ద్రవం విడిపోయి గ్యాసవుతుంది. బయటికి దారి లేక సంచి ఉబ్బుతుంది. నొక్కినా, గుచ్చినా అంటుకోవచ్చు. ఆ రబ్బరు బ్యాండు చూసి నాకు చెమటలు పట్టాయి. ఫోను కొని 14 నెలలు. సర్వీస్ సెంటర్ వాళ్లు వారంటీ అయిపోయిందన్నారట. పైగా విజయనగరంలో కొన్నారు కాబట్టి అక్కడికే పొమ్మన్నారట!

పాత నోకియా బీఎల్-5సీ బ్యాటరీ గుర్తుందా? బల్ల మీద పెట్టి తిప్పేవాళ్లం, బొంగరంలా తిరిగితే ఉబ్బినట్టే. 2007లో ఆ రకం 4.6 కోట్ల బ్యాటరీలు వేడెక్కే ప్రమాదం ఉందని కంపెనీయే చెప్పి, ఉచితంగా మారుస్తామంది. అప్పుడు గోటితో తీసి కొత్తది వేసుకునేవాళ్లం. ఇప్పుడు జిగురుతో అంటించి ఇస్తున్నారు. విప్పే వీలు మనకి లేనప్పుడు లోపల జరిగేదానికి ఎవరు పూచీ?

2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే, అంటే ఇలాంటి గొడవలు విచారించే చోటే, ఫిర్యాదు వేయొచ్చు. సరుకు ఆంధ్రాలో కొన్నా రాయగడలోనే. సరుకుకి కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. సమస్య తలెత్తాక 2 ఏళ్లలోపు వేయాలి. బ్యాటరీ పేలి చెయ్యి కాలినా, ఇంట్లో సామాను తగలబడినా తయారీదారుని పరిహారం అడగొచ్చు. అక్కడ చూసేది సరుకులో లోపం ఉందా అని, వారంటీ మిగిలిందా అని కాదు. ఫోను ఖరీదు రాబట్టడం మాత్రం కష్టమే, తయారీ లోపమని తేలాలి. కమిషన్ ల్యాబుకి పంపించొచ్చు. అందుకే బిల్లు దాచండి, ఫొటోలు తీయండి. ఉబ్బిన ఫోన్ని ఛార్జింగు పెట్టకండి, చెత్తలో వేయకండి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పెద్దాయనకి బిల్లు దొరికింది, ఫిర్యాదు రాస్తున్నాం.

ఆయన బ్యాటరీ నా కొట్టు వెనక ఇసుక డబ్బాలో ఉంది, ఇంకో పదకొండింటితో కలిపి. వాడేసిన బ్యాటరీలు వెనక్కి తీసుకునే ఏర్పాటు తయారీదార్లే చూడాలని 2022లో నిబంధనలొచ్చాయి. నా డబ్బా కోసం ఇంతవరకూ ఎవరూ రాలేదు.