క్లాసులో ప్యాకెట్లు చూపించే స్విచ్, దానితో నాకొచ్చిన ఒక్క చిరాకు

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ ఎనిమిది పోర్టుల మేనేజ్డ్ స్విచ్‌ను కంపెనీ వాళ్లే ఫ్రీగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. స్విచ్ అంటే కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే పెట్టె, మేనేజ్డ్ అంటే దాని సెట్టింగులు మనం మార్చుకోవచ్చు. హైదరాబాద్‌లో ఎంటెక్ వాళ్లకు ఇంటర్నెట్ ప్రోటోకాల్స్ చెప్తాను కాబట్టి ఇందులో నాకు కావాల్సింది ఒక్కటే, పోర్ట్ మిర్రరింగ్, అంటే ఒక పోర్టులో నడిచే ట్రాఫిక్‌కు కాపీని ఇంకో పోర్టుకు పంపడం.

టీసీపీ హ్యాండ్‌షేక్ (డేటా పంపుకునే ముందు రెండు కంప్యూటర్లు మూడు సందేశాలతో కనెక్షన్ కుదుర్చుకోవడం) అని బోర్డు మీద మూడు బాణాలు గీస్తే పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో అవే గీస్తారు, అంతే. అదే రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య నడిచే ట్రాఫిక్‌ను మూడో దాంట్లో వైర్‌షార్క్ (ప్యాకెట్లను, అంటే నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్కలను, చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టి ప్రొజెక్టర్ మీద చూపించండి, "సార్, సీక్వెన్స్ నంబర్ ర్యాండమ్ అన్నారు, ఇక్కడ సున్నా ఉందేంటి?" అని అడుగుతారు. సీక్వెన్స్ నంబరంటే డేటా వరసను గుర్తుపెట్టే లెక్క, దాన్ని వైర్‌షార్క్ మన సౌకర్యం కోసం సున్నా నుంచి లెక్కేసి చూపిస్తుందని, ఆ సెట్టింగ్ తీసేస్తే అసలు నంబర్ కనిపిస్తుందని అప్పుడు చెప్తే ఇక మర్చిపోరు.

ఇంతకుముందు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొన్న పాత హబ్‌తో నెట్టుకొచ్చాను. హబ్ వచ్చిన ప్రతి ఫ్రేమునూ (కేబుల్ మీద వెళ్లే డేటా మూటనూ) మిగతా అన్ని పోర్టులకూ పంపేస్తుంది కాబట్టి పని జరిగేది, కానీ హాఫ్ డ్యూప్లెక్స్ (ఒకసారి ఒక వైపే పంపగలం), కొలిజన్లు (ఇద్దరూ ఒకేసారి పంపితే ఢీకొనడం). మామూలు స్విచ్ అయితే ఏ పోర్టులో ఏ మ్యాక్ అడ్రస్ (ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఉండే నంబరు) ఉందో నేర్చుకుని ఆ పోర్టుకే పంపుతుంది, మూడో ల్యాప్‌టాప్‌కు దాదాపు ఏమీ కనిపించదు. నెట్‌వర్క్‌లో రద్దీ పెరిగితే ఏమవుతుందో చెప్పడానికి, 1986లో బర్కిలీలో లారెన్స్ ల్యాబ్‌కూ యూనివర్సిటీకీ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయిందని ఏటా కథలాగే చెప్పేవాణ్ణి. ఇప్పుడు లినక్స్‌లో నెట్‌ఎమ్ అనే టూల్‌తో కావాలనే కొన్ని ప్యాకెట్లు పోయేలా చేసి, రీట్రాన్స్‌మిషన్లు (పోయినవాటిని మళ్లీ పంపడాలు) వాళ్ల చేతే లెక్కపెట్టిస్తున్నా.

ఇక చిరాకు. గిగాబిట్ (సెకనుకు వంద కోట్ల బిట్ల) పోర్టులో రెండు వైపులా ట్రాఫిక్ నిండుగా ఉంటే రెండు గిగాబిట్లు కదా, దాన్ని ఒక్క గిగాబిట్ మిర్రర్ పోర్టులోకి తోస్తే మిగిలింది రాలిపోతుంది. ఇది ఏ స్విచ్‌లోనైనా ఉండేదే, దానికి కోపం లేదు. కానీ ఎన్ని రాలాయో చెప్పే కౌంటర్ ఈ స్విచ్‌లో ఎక్కడా లేదు! వైర్‌షార్క్‌లో "ఆక్‌డ్ అన్‌సీన్ సెగ్మెంట్" (మనం చూడని డేటాకు ఆక్, అంటే అందిందనే జవాబు, వచ్చిందని అర్థం) అని వరసగా వస్తే, నెట్‌వర్క్‌లోనే ప్యాకెట్ పోయిందని పిల్లలు రిపోర్టులో రాసేస్తున్నారు. నిజానికి అవతలి వాడికి చేరింది, ఆక్ కూడా వచ్చింది, మన కాపీయే తప్పిపోయింది. నేర్చుకునేవాళ్లకు ఇలాంటి అబద్ధపు సాక్ష్యం చూపించడం నాకు అస్సలు నచ్చలేదు.

అయినా ల్యాబ్‌కు కొనమనే చెప్తాను, ఎందుకంటే పిల్లలు ప్రశ్నలు అడిగే క్లాసు నాకు దీనితోనే దొరికింది. కొన్నాక ఆ రెండు ల్యాప్‌టాప్‌ల పోర్టులనూ గిగాబిట్‌లో పదో వంతైన 100 ఎంబీపీఎస్‌కు కట్టేయండి, మిర్రర్ పోర్టు మాత్రం గిగాబిట్‌లోనే ఉంచండి, అప్పుడు కాపీలు రాలవు.