మేఘనా దాటించిన లెక్క: జనరల్ సగత్ సింగ్

వ్యాఖ్యాత: బరంపురం నుంచి అందరికీ నమస్కారం. మాస్టారూ, మన సైన్యంలో జనరల్ సగత్ సింగ్ అనగానే అందరూ 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో మేఘనా నది దాటిన దగ్గర మొదలుపెడతారు. మీరు?

మాస్టారు: గోవా దగ్గరమ్మా. 1961 డిసెంబరులో పోర్చుగీసు వాళ్ల నుంచి గోవా తీసుకున్నప్పుడు ఆయన 50 పారా బ్రిగేడ్, అంటే పారాచూట్ దళం, కమాండర్. అసలు దాడి 17వ డివిజన్‌ది, ఈయనది పక్క నుంచి సాయం చేసే పని. దారి దొరికింది, ఆగలేదు. 19న పంజిమ్‌లో ముందు అడుగుపెట్టింది పారా వాళ్లే.

వ్యాఖ్యాత: తర్వాత నాథూ లా.

మాస్టారు: నాథూ లా, జెలెప్ లా సిక్కిం సరిహద్దులో కనుమలు. 1965లో చైనా బెదిరించినప్పుడు జెలెప్ లా ఖాళీ అయింది. నాథూ లా ఈయన కింద ఉంది, వదల్లేదు. కనుమ పోతే కింద లోయంతా శత్రువుకి కనిపిస్తుంది. 1967లో చైనా వాళ్లతో కాల్పులు జరిగినప్పుడు ఆ పట్టుదల విలువ తెలిసింది.

వ్యాఖ్యాత: ఇక మేఘనా చెప్పండి.

మాస్టారు: 1971లో ఈయన 4వ కోర్ కమాండర్. ఆ కోర్‌కి ఇచ్చిన పని మేఘనా వరకే. నది అవతల ఉన్న తూర్పు పాకిస్తాన్ రాజధాని ఢాకా ఆ ఆర్డర్‌లో లేదు. డిసెంబరు 9న పాకిస్తాన్ సైన్యం మేఘనా మీది అశుగంజ్ రైలు వంతెన పేల్చేసింది. అది మన ఋషికుల్య లాంటి ఏరు కాదమ్మా, కిలోమీటరు దాటిన నీళ్లు.

వ్యాఖ్యాత: మరెలా?

మాస్టారు: ఎంఐ-4 హెలికాప్టర్లు. గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్ నడిపించారు. మామూలుగా 14 మంది పట్టే దాంట్లో 23 మంది దాకా ఎక్కారు. అవతలి గట్టు దగ్గరే, దూరం తక్కువ. దూరం తక్కువైతే ఇంధనం తక్కువ చాలు, ఆ బరువులో మనుషులు వస్తారు. అవతల రాయ్‌పురాలో ముందు దిగింది 4 గార్డ్స్ బెటాలియన్. రాత్రి దిగే చోటు గుర్తుకి టార్చ్‌లైట్లే పెట్టారు. 36 గంటల్లో 110కి పైగా ట్రిప్పులు. అంతకుముందు స్థలం చూడటానికి సగత్ సింగ్ గారే స్వయంగా వెళ్లారు. హెలికాప్టర్‌కి తూటాలు తగిలాయి, పైలట్ గాయపడ్డాడు, ఈయన నుదురు గీసుకుపోయింది. అయినా పని ఆపలేదు. నాకు ఆయన మీద గౌరవం పెరిగేది అక్కడే.

వ్యాఖ్యాత: ట్యాంకుల సంగతి?

మాస్టారు: ఇబ్బంది అక్కడే వచ్చింది. పీటీ-76 నీటిలో ఈదగలదు, కానీ అరగంట దాటితే ఇంజిన్ వేడెక్కిపోతుంది. అందుకని అక్కడి బెంగాలీ పడవలవాళ్లు తాళ్లు కట్టి అవతలికి లాగారు. అక్కణ్ణించి నర్సింగ్‌ది, అక్కణ్ణించి ఢాకా దారి.