పిలకాయలతో పనిచేసే మనకు కొత్త నిబంధనలు ఎందుకు

(తిరుపతిలో జరిగిన వాలంటీర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. చంద్రగిరి నుంచి, రేణిగుంట నుంచి, పుత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు, మీకు ముందుగా థ్యాంక్స్. సమయం తక్కువుంది, నేరుగా విషయానికే వస్తా.

మీ చేతికి రెండు కాగితాలు ఇచ్చారు. పసుపుది పాత నిబంధనలు, తెల్లది కొత్త ముసాయిదా. పాతది ఒకసారి చూడండి. బ్యాడ్జీ ఎక్కడ పెట్టుకోవాలో ఉంది, ర్యాలీలో ఎవరు ముందు నడవాలో ఉంది, మీటింగుకు ఆలస్యమైతే ఎవరికి చెప్పాలో ఉంది. క్యాంపులో రాత్రి తొమ్మిదింటికి ఒక పాప వచ్చి "అక్కా, ఆ అన్న ఉంటే నాకు భయంగా ఉంది, నేను ఆ రూముకు పోను" అంటే ఏం చేయాలో మాత్రం ఒక్క ముక్క లేదు. అడుగున 'అత్యవసరమైతే' అని రాసిన నంబరు ఒక ల్యాండ్‌లైన్‌ది, అది తీసేసి చాలా కాలమైంది. రాసినవాళ్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు, ఆ రోజుల్లో సంఘం చేసే పని మొక్కలు నాటడం, రక్తదాన శిబిరాలు, అంతే. ఇప్పుడు సాయంత్రం ట్యూషన్లు, వేసవి క్యాంపులు, తలకోన ట్రిప్పులు, జాతరలో చలివేంద్రాలు, ఎక్కడ చూసినా పిలకాయలే. పని ఇంత మారాక కాగితం అదే ఉంటే ఎట్లా?

ఒక విషయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, దయచేసి వినండి.

పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. దాని 19వ సెక్షన్ ఏమంటుందంటే, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానం వచ్చినా, పోలీసులకు చెప్పి తీరాలి. టీచర్లకో డాక్టర్లకో మాత్రమే ఉన్న బాధ్యత కాదిది, ఈ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉంది. పద్దెనిమిది నిండినవాళ్లు చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ బాధ్యులు చెప్పకుండా ఊరుకుంటే జైలు ఏడాది దాకా, పైన జరిమానా. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద కేసు ఉండదని కూడా ఆ చట్టంలోనే ఉంది.

మరి మన దగ్గర జరిగేదేమిటి? "ముందు కమిటీలో మాట్లాడదాం." "వాడు మన మనిషే, అట్లాంటివాడు కాదు." "ఆడపిల్ల విషయం, పరువు పోతుంది." "పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి తేల్చేద్దాం." ఈ నాలుగు మాటలు మీరూ వినే ఉంటారు. ఈ మాటలు నడిచినన్ని రోజులూ ఆ పాప అదే క్యాంపుకు, అదే ట్యూషన్‌కు, అదే మనిషి ముందుకు వస్తూ ఉంటుంది, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. అందుకే ముసాయిదాలో స్పష్టంగా రాశాం: విన్న వాలంటీరు ఆ రోజే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, పోలీసుల అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయాలి, ఆ తర్వాతే కోఆర్డినేటర్‌కు చెప్పాలి. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, నాది కూడా. 1098 ఫ్రీ, రాత్రీ పగలూ పనిచేస్తుంది. నిజమా అబద్ధమా అని మనం విచారణ చేయకూడదు, అది పోలీసుల పని. పాపను నలుగురి ముందు నిలబెట్టి మళ్లీ మళ్లీ చెప్పించకూడదు. ఆమె ఏ మాటల్లో చెప్పిందో ఆ మాటల్లోనే, తేదీ, టైం వేసి రాసిపెట్టండి. "ఎవరికీ చెప్పను" అని ఒట్టు వేయకండి, ఎందుకంటే మీరు చెప్పాల్సి వస్తుంది. "చెప్పి మంచి పని చేశావమ్మా, నీ తప్పేం లేదు" అనండి, ఆ టైంలో ఆమెకు కావలసింది ఆ మాట. పేరు, ఫొటో, బడి పేరు ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టొద్దు, కమిటీ గ్రూపులో కూడా.

రెండోది ఇద్దరు పెద్దల నిబంధన. తలుపు మూసిన గదిలో ఒక వాలంటీరు, ఒక పిల్లవాడు మాత్రమే ఉండే పరిస్థితి రాకూడదు. ట్యూషన్ అయ్యాక పిలకాయల్ని బండి మీద ఇంటి దగ్గర దింపే అన్నలు మనలో ఉన్నారు, మంచి మనసుతోనే చేస్తున్నారు. ఇకనుంచి ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి చెప్పకుండా ఎవరినీ ఎక్కించుకోవద్దు, వీలైనంతవరకు వాళ్లనే వచ్చి తీసుకెళ్లమని చెప్పండి. "ఇన్నేళ్లుగా చేస్తున్నాం, మా మీద నమ్మకం లేదా అన్నా?" అని ఇద్దరు ముగ్గురు ఇప్పటికే అడిగారు. బాధ అర్థమవుతుంది. కానీ నిబంధన కొత్తగా చేరిన కుర్రాడికీ, సంఘం పెట్టినవాళ్లకూ, నాకూ ఒకటే అయినప్పుడు అందులో ఎవరినీ అనుమానించడం లేదు. రేపు ఎవరైనా మీ మీద లేనిపోని మాట అంటే, పక్కన ఇంకో మనిషి ఉండటమే మీకు రక్ష.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఇక్కడ ఇంటర్ చదివేవాళ్లు ఎందరున్నారో చూడండి. పద్దెనిమిది నిండకపోతే మీరు వాలంటీర్లే అయినా చట్టం దృష్టిలో పిల్లలే, మీ బాధ్యత కూడా మా మీదే ఉంది. ఇద్దరు పెద్దల లెక్కలో మీరు రారు, రాత్రి డ్యూటీలు మీకు వేయం, తోపులాట జరిగే గేట్ల దగ్గర అసలే నిలబెట్టం. 2025 జనవరి 8న మన ఊళ్లోనే వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. జనం ఒక్కసారి కదిలితే పెద్దవాళ్లే నిలబడలేరు, పదహారేళ్ల పిల్ల చేతికి తాడు ఇచ్చి ఆపమనడం ఏం న్యాయం? జనాన్ని ఆపడం పోలీసుల పని. మనం నీళ్లు ఇస్తాం, దారి చూపిస్తాం, తప్పిపోయినవాళ్లను హెల్ప్ డెస్క్ దాకా తీసుకెళ్తాం, అంతవరకే.

ఫొటోల గురించి. గంగమ్మ జాతరలో పిలకాయలు బైరాగి వేషం వేసుకుని, ఒళ్లంతా తెల్లగా పూసుకుని, మెడలో మాలలతో నిలబడితే ఫోన్ తీయకుండా ఉండటం కష్టమే. మీ ఇంటి పిల్లలైతే మీ ఇష్టం. సంఘం బ్యాడ్జీ వేసుకుని తీసిన ఫొటో మాత్రం తల్లిదండ్రుల సంతకం లేకుండా స్టేటస్‌లో కూడా పెట్టొద్దు. పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023లో వచ్చిన డిజిటల్ డేటా రక్షణ చట్టం కూడా చెబుతోంది. అడ్మిషన్ ఫారాలు, ఆధార్ జిరాక్సులు ఫోన్ గ్యాలరీలో ఉంచుకున్నవాళ్లు ఈరోజే తీసేయండి.

కొత్తగా చేరేవాళ్లకు ఇద్దరు తెలిసినవాళ్ల హామీ, పోలీసు వెరిఫికేషన్ ఉండాలి, ఎవరి సిఫార్సు మీద వచ్చినా సరే. డ్యూటీకి బస్సు చార్జీలు సంఘమే ఇస్తుంది. ఇది చిన్న విషయంగా అనిపించొచ్చు, కానీ శ్రీకాళహస్తి నుంచి సొంత డబ్బుతో రాలేక మానేసే పిల్లల సంగతి మీకు తెలుసు, వాళ్లు అడగరు కూడా, మెల్లగా రావడం మానేస్తారు.

ఇకనుంచి ప్రతి కాగితం మీద తేదీ ఉంటుంది, పాతవి వెనక్కి తీసుకుంటాం, ప్రతి జూన్‌లో క్యాంపులు అయిపోగానే మళ్లీ అందరం కూర్చుని చదువుతాం. ఇప్పుడిచ్చింది ముసాయిదానే. మీ ఏరియాలో కుదరనిది ఏదైనా ఉంటే, ఉదాహరణకు సాయంత్రం ట్యూషన్‌కు రెండో మనిషి దొరకడం కష్టమైతే, దాచకుండా కాగితం వెనకాలే రాయండి. మనిషిని పంపగలమా, లేక ఆ సెంటరును పగటిపూటకు మార్చాలా అన్నది కలిసి చూద్దాం. పసుపు కాగితాలు వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గరున్న అట్టపెట్టెలో వేయండి. తెల్లవి వచ్చే ఆదివారంలోగా మీ కోఆర్డినేటర్లకు అందాలి.