చొక్కా చిరిగితే దర్జీది తప్పు కాదు: ఎం-ఆర్చ్ నేటివ్ కథ

‘నా కంప్యూటర్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రామ్ సర్వర్ మీద ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని ఆగిపోయింది, జీసీసీలోనే బగ్ ఉంది.’ ఈ మాట వినీ వినీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నాను. జీసీసీ అంటే మనం రాసిన కోడ్‌ను ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చే, అంటే కంపైల్ చేసే ప్రోగ్రామ్. ఎలా కంపైల్ చేశారో చూపించమంటే, చాలాసార్లు అక్కడ ఎం-ఆర్చ్ ఈక్వల్స్ నేటివ్ అనే జీసీసీ ఆప్షన్ కనిపిస్తుంది.

నేటివ్ అంటే ‘వేగం పెంచు’ అని కాదు. ‘ఇప్పుడు కంపైల్ చేస్తున్న ఈ ప్రాసెసర్‌కు తెలిసిన ఆదేశాలన్నీ వాడుకో’ అని. దర్జీకి మీ ఒంటి కొలతలు ఇచ్చినట్టు. చొక్కా మీకు అతికినట్టు కుదురుతుంది. దాన్నే మీ తమ్ముడికి తొడిగి, చంక దగ్గర చిరిగిందని దర్జీతో గొడవ పడితే ఎలా?

పైగా తొడగగానే చిరగదు, చెయ్యి పైకెత్తినప్పుడు చిరుగుతుంది. ప్రోగ్రామూ అంతే. మొదలవుతుంది, ఫైళ్లు చదువుతుంది, గంటసేపు నడుస్తుంది. ఆ ప్రాసెసర్ ఎరగని ఆదేశం ఎదురైన క్షణాన లైనక్స్ సిగ్‌ఇల్ అనే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ సిగ్నల్ పంపి ఆపేస్తుంది. దాంతో తప్పంతా ఆ ఫంక్షన్‌లోనే ఉందనుకుని, సరిగ్గా ఉన్న కోడ్‌ను రోజుల తరబడి తిరగరాస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే.

‘సర్వర్ కొత్తది కదా, పాతవన్నీ ఉంటాయి’ అని కూడా అనుకోకండి. ఇంటెల్ 11వ తరం డెస్క్‌టాప్ కోర్ ఐ7లో ఏవీఎక్స్-512 అనే ఆదేశాల సమూహం ఉంది. 2021 చివర్లో వచ్చిన 12వ తరంలో అధికారికంగా లేదు. తమ్ముడు పొడుగే, భుజాల కొలత మాత్రం వేరు. వర్చువల్ మెషీన్ అయితే చిప్‌లో ఉన్నదాన్ని కూడా దాచిపెట్టవచ్చు.

అనుమానం తీరాలంటే, జీడీబీ అనే డీబగ్గర్‌లో క్రాష్ అయిన చోట ‘ఎక్స్ స్లాష్ ఐ డాలర్ పీసీ’ కొట్టండి, ఆగిపోయిన ఆదేశం కనిపిస్తుంది. అందులో జెడ్ఎంఎం రిజిస్టర్ పేరు ఉంటే అది ఏవీఎక్స్-512.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెబుతాను. ఎం-ట్యూన్ నేటివ్ వేరు: కొత్త ఆదేశాలు వాడదు, ఉన్నవాటినే ఆ చిప్‌కు నప్పేలా పేరుస్తుంది. నలుగురికీ పంచాలంటే రెడీమేడ్ సైజులున్నాయి: జీసీసీ 11 నుంచి నేటివ్‌కు బదులు ఎం-ఆర్చ్‌కు ఇవ్వగల ఎక్స్86-64 వీ2, వీ3, వీ4. వీ3కి ఏవీఎక్స్2 కావాలి, ఇంటెల్‌లో అది 2013 నాటి హాస్‌వెల్‌తో మొదలైంది. ఒక్క ఫంక్షనే వేగంగా నడవాలా? ఆ ఫంక్షన్‌కు టార్గెట్ క్లోన్స్ అనే గుర్తు పెట్టండి. ఒకే చొక్కాను మూడు సైజుల్లో కుట్టి, ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు సరిపడేది తీస్తుంది. మాత్రికల లెక్కలు చేసే ఈగెన్ అనే సీ++ కోడ్ వాడేవాళ్లు, దాన్ని వాడే మీ లైబ్రరీకీ ప్రోగ్రామ్‌కూ ఒకే ఎం-ఆర్చ్ ఇవ్వండి. లేకపోతే మెమరీ అమరికలో తేడా వచ్చి సెగ్మెంటేషన్ ఫాల్ట్ అనే క్రాష్ రావచ్చు. దాన్ని వచ్చే వీడియోలో విప్పి చూపిస్తాను.