వారానికి ఒక్కసారి: కీళ్లవాతం, గుల్లబారిన ఎముకల గురించి కుటుంబ వైద్యుల కోసం

నిర్వాహకుడు: నమస్కారం. కుటుంబ వైద్యుల కోసం నడుపుతున్న ఈ పాడ్‌కాస్ట్‌లో ఈసారి కీళ్లవాతాన్ని (రుమటాయిడ్ ఆర్థరైటిస్), ఎముకలు గుల్లబారే ఆస్టియోపొరోసిస్‌ను కలిపి చర్చకు తీసుకున్నాం. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం ప్రతి వైద్యుడూ ఐదేళ్లకు కనీసం 30 గంటలు సీఎంఈ (నిరంతర వైద్య విద్య) కార్యక్రమాల్లో పాల్గొనాలి. ఆ గంటల్లో ఎక్కువ భాగం కొత్త ఇంజెక్షన్ల పేర్లతోనే గడిచిపోతుందని, మండల కేంద్రంలో ప్రాక్టీసు చేసే నాలాంటి వారికి మర్నాడు ఓపీలో అక్కరకొచ్చే మాట తక్కువని నాకొక ఫిర్యాదు ఉంది. మేడమ్, రుమటాలజిస్టుగా, అంటే కీళ్లవాత నిపుణురాలిగా, మీరు మా దగ్గరి నుంచి వచ్చే చీటీలు రోజూ చూస్తుంటారు. వాటిలో లోపం ఎక్కడ కనిపిస్తుంది?

అతిథి: నమస్కారం, డాక్టర్ గారూ. మందుల ఎంపికలో నాకు పెద్ద లోపాలు కనిపించవు. కనిపించేదల్లా వ్యవధిలోనే. కుటుంబ వైద్యులు ఈ రెండు జబ్బులకు రాసే మందుల్లో మూడింటిని వారానికి ఒక్కసారే వేసుకోవాలి: కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్, ఎముకల బలానికి 70 మిల్లీగ్రాముల అలెండ్రోనేట్, 60,000 యూనిట్ల విటమిన్ డి. మన రోగులకు మాత్ర అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అనే అలవాటు ఉంది కనుక, ఈ మూడింటిలో ఏది రోజువారీ మందుగా మారినా ప్రమాదమే. మెథోట్రెక్సేట్ విషయంలో అది ప్రాణాంతకం.

నిర్వాహకుడు: ఆ పొరపాటు ఏ దశలో జరుగుతుందో వివరిస్తారా?

అతిథి: చీటీ రాసినప్పటి నుంచి మాత్ర నోట్లో పడేదాకా ఏ దశలోనైనా జరగవచ్చు. వైద్యుడు ఇంగ్లీషులో వారానికి ఒకసారి అని రాస్తాడు. మందుల షాపులో స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి నాలుగు మాత్రలు కవరులో వేస్తారు, ఆ కత్తిరింపులో మందు పేరు పోతుంది. కవరు మీద పెన్నుతో ‘1-0-0’ అని, అంటే రోజూ పొద్దున ఒకటి అని, అలవాటుగా రాసేస్తారు. పైగా మెథోట్రెక్సేట్, దాని దుష్ఫలితాలు తగ్గించడానికి తోడుగా రాసే ఫోలిక్ యాసిడ్ రెండూ చాలా కంపెనీల్లో చిన్న పసుపు మాత్రలే. రోజూ వేసుకోమన్న ఫోలిక్ యాసిడ్ వారానికొకసారి, వారానికొకసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ రోజూ అయిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి? వారం పది రోజుల్లో నోరంతా పుండ్లు పడి, జ్వరం వచ్చి, తెల్ల కణాలూ ప్లేట్‌లెట్లూ పడిపోయిన స్థితిలో రోగి వస్తాడు. అప్పుడు ఇవ్వవలసింది ఫోలిక్ యాసిడ్ కాదు, దానికి విరుగుడైన ల్యూకోవోరిన్. అది కూడా ఆసుపత్రిలో చేర్చుకున్న తరువాతే. మెథోట్రెక్సేట్ వాడే మనిషి నోటి పూత అని వస్తే, బి కాంప్లెక్స్ రాసి పంపే ముందు అదే రోజు రక్తకణాల లెక్క, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడాలి.

నిర్వాహకుడు: మరి చీటీ ఎలా రాయాలి?

అతిథి: తెలుగులో, వారం పేరుతో రాయాలి. ‘కీళ్లవాతం మందు. ఆదివారం రాత్రి భోజనం తరువాత మాత్రమే. మిగతా ఆరు రోజులు వేసుకోకూడదు’ అని రాస్తే చదవగలిగిన మనవడికైనా అర్థమవుతుంది. వారంలో ఏ రోజు అన్నది రోగినే అడిగి నిర్ణయించడం మేలు. శనివారం ఉపవాసం ఉండేవారు ఆ రోజు మందులు మానేస్తారు. పల్లెల్లో సంత జరిగే రోజును ఎవరూ మరిచిపోరు కనుక దాన్నే మందు రోజుగా పెట్టుకోవచ్చు. ఫోలిక్ యాసిడ్‌ను వారంలో మరో రోజుకు పెడితే చాలు. ఒకే బలం గల మాత్రలు రాయడం ఇంకొక జాగ్రత్త. రెండున్నర మిల్లీగ్రాములవి కొన్ని, పది మిల్లీగ్రాములవి కొన్ని కలిపి రాస్తే ఇంట్లో లెక్క తప్పుతుంది. నెలకు సరిపడా నాలుగు మోతాదులకు మించి ఒకేసారి ఇవ్వవద్దని కూడా నేను చెబుతాను. మళ్లీ రక్తపరీక్షతో రావడానికి అదొక కారణమవుతుంది.

నిర్వాహకుడు: మెథోట్రెక్సేట్ దాకా రావాలంటే ముందు జబ్బును గుర్తించాలి కదా. మా దగ్గర కీళ్ల నొప్పి అనగానే ల్యాబువారు ‘ఆర్థరైటిస్ ప్రొఫైల్’ పేరుతో ఆర్‌ఏ (రుమటాయిడ్) ఫ్యాక్టర్, గొంతు ఇన్‌ఫెక్షన్ ఆనవాలు వెతికే ఏఎస్‌వో, యూరిక్ యాసిడ్ రక్తపరీక్షలన్నీ కలిపి చేసేస్తున్నారు.

అతిథి: ఆ ప్యాకేజీ ల్యాబుకు లాభం, రోగికి అయోమయం. పెద్దవారి కీళ్ల నొప్పిలో ఏఎస్‌వో వల్ల తేలేది దాదాపు ఏమీ ఉండదు. నొప్పి, వాపు లేని మనిషికి యూరిక్ యాసిడ్ కొద్దిగా ఎక్కువ వచ్చినంత మాత్రాన దాన్ని తగ్గించే అల్లోప్యూరినాల్ మొదలుపెట్టనక్కర లేదు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ హెపటైటిస్ సి, క్షయ వంటి జబ్బుల్లోనూ, వయసు మళ్లిన ఆరోగ్యవంతుల్లోనూ పాజిటివ్ రావచ్చు. అసలు జబ్బున్న వారిలో కొందరికి రాకపోవచ్చు. కీళ్లవాతాన్ని పసిగట్టే యాంటీ సీసీపీ రక్తపరీక్ష దానికంటే నమ్మదగినది. అయితే పరీక్షల కన్నా ముందు చెయ్యి చూడండి. పొద్దున్నే లేచాక వేళ్లు వంగడానికి అరగంట, గంట పడుతోందా? వేళ్ల మొదళ్లను అడ్డంగా పట్టి నొక్కితే రోగి ముఖం చిట్లిస్తున్నారా? చిన్న కీళ్లలో వాపు ఆరు వారాలు దాటిందా? ఈ మూడూ ఉంటే రిపోర్టులన్నీ నెగటివ్ ఉన్నా రుమటాలజిస్టు దగ్గరికి పంపవలసిందే. తొలి నెలల్లో మందు మొదలైతే ఎముక కోతను ఆపగలం. జరిగిన కోతను వెనక్కి తీసుకురాలేం.

నిర్వాహకుడు: ఆరు వారాల లెక్కతో చికున్‌గున్యా దగ్గర చిక్కు వస్తోంది.

అతిథి: నిజమే. 2005 చివర ఆంధ్రప్రదేశ్‌లో బయటపడి 2006లో దేశమంతా పాకిన చికున్‌గున్యా తరువాత నెలల తరబడి వేళ్లు, మణికట్లు వాచి ఉన్నవారిని మనమంతా చూశాం. అచ్చం కీళ్లవాతంలాగే ఉంటుంది. అయితే ఆ నొప్పి ఒక్కసారిగా, తేదీ చెప్పగలిగేలా, జ్వరంతో మొదలై ఉంటుంది. చాలామందిలో క్రమంగా తగ్గుతుంది. మూడు నెలలు దాటినా వాపు పోకపోతే, ముఖ్యంగా యాంటీ సీసీపీ పాజిటివ్ అయితే, ‘అది చికున్‌గున్యా నొప్పులే’ అని సరిపెట్టుకోకూడదు.

నిర్వాహకుడు: ఈలోపు నొప్పి తట్టుకోలేక రోగి మరోచోట ఇంజెక్షన్ వేయించుకుంటున్నాడు.

అతిథి: మన రెండు రాష్ట్రాల్లో ఆస్టియోపొరోసిస్‌కు పెద్ద కారణాల్లో అదొకటని నా నమ్మకం. ఆర్‌ఎంపీల దగ్గర వేసే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్, నాటుమందు పేరుతో అమ్మే పొడుల్లో కలిసిన స్టెరాయిడ్, రెండూ రెండు రోజుల్లో నొప్పిని మాయం చేస్తాయి. ముఖం గుండ్రబడి, చర్మం పల్చబడి, చేతుల మీద నల్లటి మచ్చలు కనిపిస్తే తిట్టకుండా అడగండి. తిడితే మానేసి వస్తారు. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మనం రాసే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసలోన్‌కు కూడా ఆఖరి తేదీ ఉండాలి. మెథోట్రెక్సేట్ పని మొదలుపెట్టడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, స్టెరాయిడ్ ఆ మధ్యకాలానికే. మూడు నెలలు దాటి రోజుకు రెండున్నర మిల్లీగ్రాములు వాడవలసి వచ్చినా ఎముకల సంగతి చూడటం మొదలుపెట్టాలి.

నిర్వాహకుడు: ఎముక సాంద్రత కొలిచే డెక్సా యంత్రం మాకు అందుబాటులో ఉండదు. ఎముకల సంగతి ఎలా చూడాలి?

అతిథి: టేపు ఉంటే చాలా వరకు చూడవచ్చు. యవ్వనంలో ఉన్న ఎత్తు కంటే నాలుగు సెంటీమీటర్లకు పైగా తగ్గితే వెన్నెముక ఎక్స్‌రే తీయించండి. ఏ నొప్పీ తెలియకుండానే అణిగిపోయిన పూసలు కనిపించవచ్చు. నిలబడిన చోటు నుంచి జారిపడి తుంటి విరిగినా, పూస అణిగినా అది ఆస్టియోపొరోసిసే. డెక్సాలో టీ స్కోరు (ఎముక సాంద్రత అంకె) మైనస్ 2.5 అని కాగితం వచ్చేదాకా చికిత్స ఆపనవసరం లేదు. బాధ ఏమిటంటే, తుంటికి ఆపరేషన్ చేసి రాడ్ వేసి పంపుతారు, ఎముకకు మందు ఎవరూ రాయరు. డిశ్చార్జి కాగితంతో ఆ మనిషి వచ్చేది మీ దగ్గరికే.

మన దగ్గర తప్పక అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది: ‘గర్భసంచి తీసేశారా, ఏ వయసులో?’ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలోనూ, ఐదో విడతలోనూ ఈ ఆపరేషన్ల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలో ముందు వరుసలో ఉన్నాయి. ముప్పై ఐదేళ్లకే ఆపరేషన్ అయి, అండాశయాలు కూడా తీసేసి ఉంటే, ఆమె ఎముకలకు ఈస్ట్రోజెన్ అండ పదిహేనేళ్ల ముందే పోయినట్టు. నలభై ఎనిమిదేళ్ల మనిషి నడుము నొప్పి అని వస్తే వయసు చూసి తేలిగ్గా తీసుకోకూడదు.

నిర్వాహకుడు: నల్గొండ, ప్రకాశం ప్రాంతాల వైద్యులు నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ గురించి అడగమన్నారు.

అతిథి: మంచి ప్రశ్న. ఎముకలను పట్టే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో తొలిసారి 1937లో వర్ణించింది నాటి నెల్లూరు జిల్లాలోనే. ఆ పల్లెలు తరువాత ప్రకాశం వైపు చేరాయి. ఫ్లోరైడ్ చేరిన ఎముక చూడటానికి చిక్కగా ఉంటుంది, కానీ పెళుసు. అందుకే డెక్సాలో వెన్నెముక సాంద్రత బాగున్నట్టు వస్తుంది, ఆ అంకెను నమ్మితే మోసపోతాం. మెడ, నడుము బిగుసుకుపోయిన మధ్యవయస్కుణ్ణి యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్నెముక వాత జబ్బు అనుకునే ముందు ముంజేతి ఎక్స్‌రే తీయండి. రెండు ఎముకల మధ్య ఉండే పొర సున్నంలా గట్టిపడి కనిపిస్తే అది ఫ్లోరోసిస్. అలాగే మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వంటి చోట్ల నొప్పి మాత్ర రాసే ముందు క్రియాటినిన్ చూడకపోవడం క్షమించరానిది. అక్కడ మెథోట్రెక్సేట్‌కూ అదే వర్తిస్తుంది, అది బయటికి పోయేది మూత్రపిండాల గుండానే.

నిర్వాహకుడు: అలెండ్రోనేట్‌తో కడుపు మంట అని చాలామంది మానేస్తున్నారు.

అతిథి: వేసుకునే పద్ధతి చెప్పకపోవడం వల్లే సగం మంది మానేస్తారనుకుంటాను. పరగడుపున, కాఫీ కంటే ముందు, నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా కూర్చోవాలి, నడవాలి. కాల్షియం మాత్ర ఆ పూట వద్దు, మధ్యాహ్న భోజనంతో వేసుకోవాలి. థైరాయిడ్ మాత్ర వాడేవారు దానికీ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉంచాలి. ఇక ఆహారం మాట. 2020లో ఐసీఎంఆర్, జాతీయ పోషకాహార సంస్థ సూచించిన ప్రకారం పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన స్త్రీలకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగిపిండిలో 350 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. సంకటి మానేసి తెల్లన్నంలోకి వచ్చిన ఇళ్లలో ఈ లెక్క చెబితే వింటారు.

ఎండకు కొదవ లేని తిరుపతి పరిసరాల్లో చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో కూడా ఆరోగ్యవంతుల్లో విటమిన్ డి లోపం విస్తారంగా కనిపించింది. కనుక 60,000 యూనిట్లు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాయడంలో తప్పు లేదు. తొమ్మిదో వారం నుంచి ఏం చేయాలో రాయకపోవడమే తప్పు. అదే చీటీ చూపించి ఏడాదంతా కొనేవారు, రోజుకొకటి తాగేవారు ఉన్నారు. వాంతులు, మలబద్ధకం, అతిదాహం, మతిమరుపుతో ముసలివారు వస్తే కాల్షియం పరీక్ష చేయించండి.

నిర్వాహకుడు: ఆరు నెలలకోసారి ఇచ్చే ఎముకల ఇంజెక్షన్ గురించి మెడికల్ రెప్‌లు ఎక్కువగా చెబుతున్నారు.

అతిథి: డెనోసుమాబ్ మంచి మందే. అయితే వాళ్లు చెప్పని మాట ఒకటుంది: ఆరు నెలల గడువు దాటి ఆలస్యమైతే ఎముక అరుగుదల ఒక్కసారిగా ఎగసి, ఒకటి కంటే ఎక్కువ పూసలు విరగవచ్చు. ఆపాలనుకుంటే వెంటనే జోలెడ్రోనేట్‌కో అలెండ్రోనేట్‌కో మార్చాలి. కూతురి దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండివచ్చే అమ్మలకు ఇది మొదలుపెట్టే ముందు ప్రయాణం తేదీలు అడగండి. అలాంటివారికి ఏడాదికొకసారి ఇచ్చే జోలెడ్రోనేట్ నయం. దానికి క్రియాటినిన్ క్లియరెన్స్ (మూత్రపిండాలు రక్తాన్ని వడగట్టే వేగం) నిమిషానికి 35 మిల్లీలీటర్ల కంటే తక్కువగా ఉండకూడదు, విటమిన్ డి ముందే సరిచేయాలి. మొదటి మోతాదు తరువాత రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చని ముందుగా చెబితే భయపడరు.

నిర్వాహకుడు: చివరిగా ఒక సందేహం. మెథోట్రెక్సేట్ వాడుతున్న అమ్మాయికి పెళ్లి కుదిరిందని తల్లి వచ్చి చెప్పింది. మందు ఆపమంటోంది.

అతిథి: తల్లిని కాసేపు బయట కూర్చోమని అమ్మాయితో మాట్లాడండి. గర్భం ఎప్పుడు కావాలనుకుంటోందో అడిగి, అంతవరకూ గర్భనిరోధం పాటించేలా చూసి, గర్భానికి కనీసం మూడు నెలల ముందు మెథోట్రెక్సేట్ ఆపించాలి. కీళ్లవాతానికే వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజిన్ కొనసాగించవచ్చు. ఫోలిక్ యాసిడ్ ఆపకూడదు. అదే జబ్బుకు ఇచ్చే లెఫ్లూనమైడ్ వాడుతుంటే ఆపినంత మాత్రాన సరిపోదు, ఒంట్లోంచి మందును బయటికి పంపే చికిత్స ఇవ్వాలి, కనుక మా దగ్గరికి పంపండి. మందులన్నీ ఒకేసారి మానేస్తే పెళ్లినాటికి చేతులు వాచి గాజులెక్కని పరిస్థితి వస్తుందని ఆ తల్లికి కూడా చెప్పండి.

నిర్వాహకుడు: ధన్యవాదాలు మేడమ్. వచ్చే భాగంలో యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల జబ్బు గౌట్ గురించి మాట్లాడుకుందాం.