కట్టెకు కాదు, కూలికి కొట్టించండి
(ఒక కాలనీ సంక్షేమ సంఘం జరిపిన వనమహోత్సవంలో చెట్ల పనివాడి ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, కుర్చీలు చాలక నిలబడ్డ అక్కలకు, అన్నలకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. రెండు ముక్కలు చెప్పి దిగిపొమ్మన్నారు కార్యదర్శిగారు. మైకు చేతికొచ్చింది కాబట్టి నాలుగు చెబుతా, ఏమనుకోవద్దు.

1950లో మున్షీగారు కేంద్రమంత్రిగా ఉండగా ఈ పండగ మొదలుపెట్టారని ఇందాక సార్ చెప్పారు. అప్పట్నుంచీ ఏటా నాటుతూనే ఉన్నాం. నాటిన మొక్క పెరిగి మేడ మీదికి కొమ్మ చాచాక ఏం చెయ్యాలన్నది మాత్రం ఏ సభలోనూ మాట్లాడం. నా పని అక్కడే మొదలవుతుంది.

చెట్లెక్కడం మా ఇంటి పనే. మా నాయన గీత కార్మికుడు. తాటిచెట్టుకు మోకు వేసుకుని వెనక్కి వాలి నిలబడితే రెండు చేతులూ పనికి దొరుకుతాయి. నేను తర్వాత నేర్చుకున్న తాళ్ల పనిలో కిటుకూ అదే. కాకపోతే తాడికి కొమ్మల్లేవు. నిద్రగన్నేరు మీద మోకుతో ఎక్కితే ప్రతి కొమ్మ దగ్గరా విప్పి మళ్లీ వేసుకోవాలి, విప్పిన ఆ కాస్తసేపు మనిషికి ఆధారమే ఉండదు. అందుకని మేం చిన్న బరువు సంచికి సన్నతాడు కట్టి పై పంగలోంచి పడేలా విసురుతాం. దాంతో అసలు తాడు లాగుతాం. ఆ తాడు మీద ఇంకో పొట్టి తాడు నాలుగైదు చుట్లు చుట్టి ముడి వేస్తాం. మన బరువు పడిందా, బిగుసుకుంటుంది. దిగాలంటే ముడి నెత్తిన వేళ్లు పెట్టి మెల్లగా కిందికి నొక్కాలి, జారుతుంది.

మా నాయన ఒకసారి ఆ ముడి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "మంచుకు తడిస్తే పట్టు ఉంటదా?" అన్నాడు. అదీ ప్రశ్న. తడిస్తే ముడి తీరు మారుతుంది, అందుకే ఎక్కేముందు ప్రతిసారీ నేలకు దగ్గర్లోనే వేలాడి చూసుకుంటాం. నన్ను పనికి పిలిచేవాళ్లెవరూ అలాంటిది అడగరు. అడిగేది ఒక్కటే, ఎంత తీసుకుంటావ్?

ఆ మాటకే వస్తున్నా. నా కూలి విని చాలామంది "మాకు ఊరికే కొట్టేవాడున్నాడులే" అంటారు. ఉన్నాడు, కాదనను. కొట్టినందుకు డబ్బులొద్దు, కట్టె తనది. మీరే చెప్పండి అన్నా, ట్రాలీ నింపుకోవాల్సినవాడు ఎండురెమ్మలు ఏరుతాడా, తొడంత లావు పచ్చికొమ్మ కొడతాడా? అతన్ని తిట్టడం లేదు. తలకు హెల్మెట్ లేదు, నడుముకు తాడు లేదు, పడితే బీమా లేదు. బండి డీజిలూ ఆ కట్టెలోంచే రావాలి. బేరమే అట్లాంటిది.

దగ్గర్లోనే ఒక కాలనీ, పేరెందుకు. నిండుగా ఉన్న నిద్రగన్నేరు. "గుండు కొట్టెయ్" అన్నారు. తల కొట్టను, మేడ వైపు కొమ్మ ఒకటి వెనక్కి తీసి బరువు తగ్గిస్తానన్నా. సరే చూద్దామన్నారు. వారానికి అటు వెళ్తే మోడు నిలబడి ఉంది. ట్రాలీవాడొచ్చి పోయాడు. కొన్నాళ్లకు మోడు చుట్టూ గుత్తులు గుత్తులుగా చిగుళ్లొచ్చాయి, ఎంత పచ్చగా ఉందో చూడమని నాకే చూపించారు. ఆ చిగుళ్లు పైపొరకు అతుక్కుని పుట్టినవి, లోపలి చేవలో పట్టు ఉండదు. అవి లావెక్కేసరికి కింద కోత పుచ్చింది. గాలివానకు ఒకటి ఊడి కారు మీద పడింది. అప్పుడు నాకు ఫోన్: "చూశావా, చెట్టుతో ప్రమాదమని మేం ముందే అన్నాం." అయ్యా, ఎవరన్నది ఎవరు విన్నారు! ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు.

సార్ గడియారం చూస్తున్నారు. ఒక్క కోత సంగతి చెప్పనివ్వండి. అమెరికా అటవీశాఖలో అలెక్స్ షైగో అని శాస్త్రవేత్త ఉండేవాడు. రంపం పెట్టి వేల చెట్లను నిలువునా చీల్చి చూశాడు. మన పుండు మానినట్టు చెట్టుకు మానదట. దెబ్బతిన్న భాగాన్ని లోపల గోడ కట్టి విడదీసి, పైన కొత్త పొర కప్పుకుంటుంది. కొమ్మ మానులో కలిసేచోట ఉబ్బెత్తుగా మడత కనిపిస్తుందే, కప్పే పని అక్కణ్నుంచే. మానుకు సాపుగా కొడితే మడత పోయినట్టే. జానెడు మొండి వదిలితే అది కుళ్లి పుచ్చు లోపలికి దిగుతుంది. మడతకు ఆనుకుని బయట కొయ్యాలి. బరువు కొమ్మయితే ముందు కింద నుంచి కాస్త కోసి, దానికి కొంచెం అవతల పై నుంచి కోసి పడగొట్టాలి. మిగిలిన మొండి ఆఖర్న. కింది కోత లేకుంటే కొమ్మ పడుతూ పడుతూ బెరడును మాను పొడుగునా చీల్చుకుపోతుంది. కోసినచోట తారు పూయమని అడుగుతారు. వద్దు, దానివల్ల పుచ్చు ఆగదని చూపించింది కూడా ఆయనే.

ఈ ప్యాంటు ఇటు తిప్పి చూపిస్తా. లోపల పొరలు పొరలుగా పొడవాటి పీచు. చైన్ రంపం తగిలితే పీచు బయటికొచ్చి పళ్లచక్రానికి చుట్టుకుని చైన్‌ను ఆపేస్తుంది. ఏప్రిల్ ఎండలో ఇది తొడుక్కుని ఎక్కితే ఉడికిపోతాం. మా కుర్రాళ్లు విప్పేస్తామంటారు. విప్పినవాడికి ఆ రోజు కిందే పని. పైన రంపం పట్టాలంటే రెండు తాళ్లతో కట్టుకుని ఉండాలి, ఒకటి పొరపాటున కోసుకున్నా రెండోది ఉంటుంది. కూలి ఎక్కువంటున్నారే, ఇవన్నీ అందులోనివే.

2021లో వేపలు మాడిపోయాయి, గుర్తుందా? ఫోమోప్సిస్ అనే శిలీంధ్రంతో వచ్చే ఎండు తెగులు, దానికి తోడు తేయాకు దోమ అనే రసం పీల్చే పురుగు. చచ్చిపోయింది కొట్టెయ్యమని ఎన్ని ఫోన్లో! రెమ్మ బెరడు గోటితో గీకండి, కింద పచ్చగా ఉంటే ఆగండి అని చెబుతూ కూర్చున్నా. ఆగినవాళ్లలో చాలామంది చెట్లు మళ్లీ చిగురించాయి. ట్రాలీలకు మాత్రం ఆ ఏడాది బాగా గడిచింది.

ఇక మీ పార్కు గేటు దగ్గరి కానుగ. వస్తూ చూశా. మొదలు దగ్గర బెరడుకు తగిలేలా సిమెంటు పోశారు, నీళ్లెటు పోతాయి? ఢిల్లీలో చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని 2013లో హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. మనకు ఆదేశం దాకా ఎందుకు, గడ్డపార చాలు. వేరుకు తగలకుండా తవ్వండి. పైన రెండు ఎండుకొమ్మలున్నాయి, అవి తీస్తా. కరెంటు తీగకు రాసుకుంటున్న కొమ్మ మాత్రం ఎల్.సి., అంటే లైనులో కరెంటు ఆపామని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి, లేకుండా ముట్టను. కార్యదర్శిగారు సబ్‌స్టేషన్‌కు అర్జీ రాయండి. తేదీ ఖాయమయ్యాక చెబితే వస్తా, ఆ పూట గేటు పక్కన బండ్లు పెట్టకుండా చూసుకోండి. కట్టె ఎవరిదని ఇప్పుడే అడగొద్దు, అది మీ కాలనీదే.